వేలూరు బాగాయములో మూడు వారములు

గూడూరులో రాత్రి బండి యెక్కి తెల్లవారుసరికి కాట్పాడిలో దిగితిమి. అచ్చటినుండి వేలూరునకు బస్సు. దారిలో పాలారు వంతెన దాటవలెను. పేరు పాలారైనను మాకు కనబడినది ఇసుకయే. ఊరి నడుమ అగడ్తతో గూడిన కోటయు, కోటలో జలకంఠేశ్వరుని యాలయమును గలవు. 1806లో సిపాయిలు తిరుగబడిన కోట యిదియే. కాని మేము వచ్చినది వానిని చూచుటకు గాదు. మేము పోవలసినది ఊరి వెలుపల కొండల చెంతనున్న బాగాయము.

అచ్చట క్రైస్తవ వైద్య కళాశాలవారి మానసిక వైద్యశాల 1957 నుండి నడచుచున్నది. రోగిని అప్పగించి వెళ్లిపోవుటకు వీలులేదు. ఇంటివారిలో నొకరు తోడుండవలెను. అమృతసరములో డాక్టరు విద్యాసాగర్ గారును 1950 తరువాతి యేండ్లలో ఆసుపత్రి యావరణమున డేరాలు వేయించి బంధువులను రోగులతో నుంచిరి.

మేము తీసికొని పోయినది మా మేనల్లుని. ఎవరో తన్ను తిట్టుచున్నట్లు వానికి మాటలు వినబడును. మందు మ్రింగినన్నాళ్లు నెమ్మదిగా నుండును. మానిన, ఆ తిట్టునది తల్లియే యని తోచును. మా వదిన కుడిచేతికి గాజులుండవు. ఉక్కకు తీసివైచితి నని రెండేండ్లుగా చెప్పుచుండెను. నేను నమ్మితిని.

మొదటి దినమున వైద్యురాలు వానిని వెలుపలికి పంపి, “అమ్మా, మిమ్ము కొట్టునా?” అని యడిగెను. వదిన చాలసేపు నేల చూచి, “అప్పడాల కఱ్ఱతో” అనెను.

ఆ రాత్రి నాతో, “మీ అన్నయ్యకు తెలిసిన వానిని కట్టివేయించు నని భయము, అమ్మాయీ. మా పుట్టింటివారికి తెలిసిన నా పెంపక మందురు” అనెను. ఆ భయము వట్టిది గాదు. 2001 ఆగస్టు 6న రామనాథపురము జిల్లా ఏర్వాడిలో పాక అంటుకొని, గొలుసులతో కట్టబడిన రోగులు 28 మంది మరణించిరి. 2017 నాటి చట్టము గొలుసు కట్టుటను నిషేధించినది. పెంపక మనువారి నోటిని ఏ చట్టము కట్టగలదు?

సాయంకాలము వసారాలో తల్లులు, భార్యలు చేరుదురు. మగవారును లేకపోలేదు. భాష కలియకున్నను ఒక బెంగాలీ తల్లి తన నుదుటి మచ్చ చూపెను. వదిన చేయి చాచెను. మనసు చెదరినవారందరు కొట్టుదు రనుట అన్యాయము. పెక్కుమంది యెవరి జోలికిని పోరు. కొట్టిన నాడు మాత్రము దెబ్బ వీథివారికంటె అన్నము పెట్టు చేతికే తఱచు తగులును.

వానికి వినబడు మాటలు అబద్ధమని వాదింపరాదట, అవునని ఒప్పుకొననురాదట. ఉద్రేకము పుట్టినప్పుడు తాను తలుపు ప్రక్క నుండవలెను. కత్తిపీట, కఱ్ఱలు కంటబడరాదు. కొట్టిన సంగతి వైద్యునికి దాచిన, మందు సరిగా నిర్ణయింప వీలుపడదు. దిక్కుతోచని వేళ 14416 అను టెలిఫోనునకు తెలుగులోనే చెప్పుకొనవచ్చును. ఇవన్నియు వదిన విన్నది. దెబ్బ పడునని తోచిన వానిని విడిచి బయటికి పొండనుట మాత్రము ఆమెకు మ్రింగుడు పడలేదు.

“తల్లి యెట్లు పోవును?”

“మీకు దెబ్బ తగిలిన వానికి మందిచ్చువా రెవరు?” అని వైద్యురా లడిగెను.

తిరుగు ప్రయాణమున కోట యెదుట గాజులు కొందమంటిని. వదిన ముందు నడచుచున్న కొడుకును చూచి, “ఇప్పుడు వద్దు. ఇంటికి పోగానే మీ అన్నయ్యతో చెప్పవలెను. నీవు నా ప్రక్కన నుండుము” అనెను.