నామక్కల్లు కొండ కింద

కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మన కర్నూలునూ అనంతపురాన్నీ పలకరించి, బెంగుళూరు, హోసూరు దాటి, సేలం మీదుగా దక్షిణానికి సాగుతుంది. సేలం తర్వాత సుమారు 50 కిలోమీటర్లకు మైదానం మధ్య ఏకశిలగా ఒక కొండ కనిపిస్తుంది. అదే నామక్కల్లు. కొండను తొలిచి సుమారు 8వ శతాబ్దంలో నిర్మించిన నరసింహస్వామి గుహాలయం అక్కడ ఉన్నది. ఆ స్వామికి అభిముఖంగా, చేతులు జోడించి, నెత్తిన కప్పు లేకుండా ఎండకూ వానకూ నిలబడి ఉంటాడు 18 అడుగుల ఆంజనేయస్వామి.

మేము వెళ్ళింది స్వామి దర్శనానికే. కాని బయలుదేరే ముందు మా ఆవిడ ఇంకొక పని కూడా అప్పగించింది. "కోడిగుడ్డు మొదలు కందిపప్పు దాకా ఏది అడిగినా కొట్టువాడు 'బాడుగ పెరిగిందమ్మా' అంటున్నాడు. లారీల ఊరికి పోతున్నారుగదా, ఆ బాడుగ ఎవరి జేబులోకి పోతున్నదో కాస్త కనుక్కు రండి" అన్నది. దర్శనం అయిన తర్వాత తిరుగు బస్సుకు మూడు గంటల వ్యవధి దొరికింది. సరే చూద్దామని ఊరి వెలుపలికి నడిచాను.

రోడ్డుకు రెండు వైపులా షెడ్లే. లారీలకు ఒళ్ళు కట్టే ఊరు ఇది. హోసూరు వంటి చోట్ల కార్ఖానాలో తయారైన చాసీ, అనగా ఇంజను, చక్రాలు, ఇనుప చట్రం మాత్రమే, ఇక్కడికి నడిచి వస్తుంది. వడ్రంగి, వెల్డరు, రంగులవాడు వరుసగా చెయ్యి చేసుకుంటే బండి అవుతుంది. పూర్వం కర్రపని ఎక్కువ, ఇప్పుడు ఇనుము ఎక్కువ. కాబిను కంపెనీలోనే అమరి వచ్చే బండ్లు పెరిగి, తమకు పని తగ్గిందని ఒక మేస్త్రి వాపోయాడు.

ఆ పక్కనే బెంచీ మీద కూర్చున్న పెద్దాయన నా మాట విని తల ఎత్తాడు. "తెలుగువాళ్ళా? రాండి, కూచోండి. మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడేది" అన్నాడు. వారి పెద్దలు ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చారో ఆయనకే తెలియదట. ముప్పయ్యేళ్ళు స్టీరింగు పట్టి, మూడు బండ్లకు యజమాని అయి, ఇప్పుడు ఒక్క బండితో మిగిలాడు. టీ తెప్పించి, నేను అడగగానే లెక్క చెప్పసాగాడు.

"ఇక్కడినుంచి హైదరాబాదు 800 కిలోమీటర్లనుకోండి. నిండు బరువుతో లీటరుకు 4 కిలోమీటర్లు వస్తే గొప్ప. అంటే పోవడానికే 200 లీటర్లు. డీజిలు ఒక్క రూపాయి పెరిగితే నాకు 200 రూపాయలు పోయినట్టు. తిరుగు లోడు దొరక్కపోతే ఖాళీగా వచ్చే ఆయిలు కూడా పోయిన లోడే భరించాల."

డీజిలు ధర నిర్ణయించే బాధ్యతనుంచి ప్రభుత్వం 2014 అక్టోబరులో తప్పుకున్నది. 2021 అక్టోబరు నాటికి చాలా చోట్ల లీటరు 100 రూపాయలు దాటింది. ఆ నవంబరులోనూ, 2022 మే నెలలోనూ కేంద్రం సుంకం తగ్గించి కొంత దించింది. అయితే దిగినది ఎక్కినంత కాదు.

"రోడ్లు బాగుపడలేదా మామయ్యగారూ?" అన్నాను.

"ఎందుకు బాగుపడలేదు? అబద్ధమాడరాదు" అన్నాడాయన. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చిన తర్వాత సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు తీసేశారు. అక్కడ గంటల తరబడి పడిగాపులు పడే బాధ తప్పింది. కాని రోడ్డుతోపాటు టోలుగేట్లూ వచ్చాయి. 2008 నాటి నిబంధనల ప్రకారం ఆ సుంకం ఏటా నూటికి 3 చొప్పున పెరగడం ఖాయం. టోకు ధరలు పెరిగినదాంట్లో నూటికి 40 వంతు దానికి తోడు. 2020 ఏప్రిల్‌నుంచి పొగ తగ్గించే కొత్త ఇంజన్లు వచ్చాయి. ఊరి గాలికి మంచిదే. బండి ఖరీదు మాత్రం పెరిగింది. డీజిలుతోపాటు యూరియా ద్రావణం కూడా వేరే టాంకులో పోయించాలి. 2025 సెప్టెంబరులో లారీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్త బండి కొనేవాడికి అది మేలే. పాత బండివాడికి అక్కర కలిగేది డీజిలు, అది జి.ఎస్.టి.లో చేరనే లేదు.

"మరి ఇంత ఖర్చు పెరిగినప్పుడు బాడుగ పెరగడం న్యాయమే కదా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఖర్చు పెరిగిన రోజునే బాడుగ పెరిగితే నేను రెండు బండ్లు ఎందుకు అమ్ముకుంటాను? పొద్దున డీజిలు పెరిగితే, మొన్న ఒప్పుకున్న లోడు మొన్నటి రేటుకే పోవాల. నేను రానంటే పక్కవాడు ఇంకా తక్కువకు పోతాడు. వాడికి ఫైనాన్సు కిస్తీ ఉంటుంది. అట్లా కొన్నాళ్ళు మోసి, ఓపిక లేనివాడు బండి అమ్ముకుంటాడు. బండ్లు తగ్గినాక అప్పుడు రేటు ఎక్కుతుంది. మీ కొట్టువాడికి తెలిసేది అప్పుడే."

మన దేశంలో లారీ యజమానుల్లో ఎక్కువ మంది అయిదు బండ్ల లోపువారే. ఆ పెద్దాయన మాట ఎందరి మాటో!

ఆయన కొడుకు కోయంబత్తూరులో ఉద్యోగం చేస్తున్నాడట. డ్రైవరు పనికి పిల్లలెవరూ రావడం లేదట. "నేనే రావద్దన్నాను. నెలకు ఇరవై రోజులు రోడ్డు మీద ఉండేవాడికి పిల్లను ఎవరిస్తారు?" అని కాసేపు ఊరుకున్నాడు. డ్రైవరు దొరకాలంటే జీతం, బత్తా పెంచాలి. అదీ బాడుగలో చేరవలసినదే. ఈ ఒక్క పెంపును మాత్రం కాదనడానికి నాకు మనసొప్పలేదు.

తిరిగి వస్తూంటే గుడ్ల అట్టలు ఎక్కించుకుంటున్న వాన్లు కనిపించాయి. నామక్కల్లు గుడ్డు కేరళకు, ఇంకా చాలా దూరాలకు పోతుంది. దాన్ని పెట్టే కోడికి మొక్కజొన్న కర్ణాటకనుంచి, ఆంధ్రనుంచి లారీలో వస్తుంది. సోయా మధ్యప్రదేశ్, మహారాష్ట్రలనుంచి వస్తుంది. దాణా రావడానికొక బాడుగ, గుడ్డు పోవడానికొక బాడుగ. గుడ్డు మన గిన్నెలోకి దిగేసరికి రెండుసార్లు డీజిలు తాగి వస్తున్నదన్నమాట.

ఇంటికి వచ్చి ఈ సంగతులన్నీ మా ఆవిడకు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే గుడ్డు చవకగా ఉన్న రోజుల్లో ఆ తేడా ఆ ముసలాయన చేతినుంచి పోయిందన్నమాట" అన్నది. తర్వాత, "కొట్టువాణ్ణి ఊరికే ఆడిపోసుకున్నాను" అని లోపలికి వెళ్ళింది.