పాటకు తలుపు వేయగలమా?

పిల్లలూ! "ఎప్పుడు చూసినా ఆ పాటలేనా? చదువు చట్టుబండలై పోతున్నది!" అన్న మాట మీ ఇంట్లో ఎప్పుడైనా వినబడిందా? తప్పక వినే వుంటారు. ఈ మాట కొత్తది కాదు. ఒకప్పుడు మన ప్రభుత్వమే ఇంచుమించు ఇదే మాట అన్నది. ఆ సంగతి చెబుతాను, వినండి.

1952లో రేడియో వ్యవహారాలు చూసే మంత్రి బి.వి. కేస్కర్ గారు. ఆయన శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తున్నవని ఆయన బాధ. అందుచేత ఆకాశవాణిలో ఆ పాటలు బాగా తగ్గించారు. పాటతోబాటు సినిమా పేరు చెబితే అది ప్రకటన అవుతుందని, పేరు చెప్పటం కూడా మాన్పించారు. నిర్మాతలకు కోపం వచ్చి, పాటలు వేసుకునే అనుమతి వెనక్కు తీసుకున్నారు. దానితో రేడియోలో సినిమా పాట దాదాపు మూగబోయింది.

మరి జనం వినటం మానారా? మానలేదు. రేడియో ముల్లు తిప్పారు! సముద్రానికి అవతల, కొలంబోలో రేడియో సిలోన్ వున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల కోసం పెట్టిన శక్తివంతమైన ప్రసార యంత్రం దానికి దక్కింది. అది పంపే హ్రస్వ తరంగాలు ఆకాశంలోని అయనావరణం అనే పొరకు తగిలి, గోడకు కొట్టిన బంతిలాగా తిరిగి భూమికి వస్తవి. అందువల్ల అవి ఎంతో దూరం పోగలవు. ఆ 1952లోనే అక్కడ 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. బుధవారం రాత్రి అమీన్ సయానీ గారి గొంతు కోసం జనం రేడియోల చుట్టూ మూగేవారు. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణి తానే వివిధభారతిని ప్రారంభించి, సినిమా పాటకు పీట వేసింది.

అయితే కేస్కర్ గారి భయం వట్టిదేనా? కాదు. ఎక్కం నెలరోజులకు గాని రాని పిల్లవాడికి పాట రెండుసార్లు వింటే నోటికి వస్తుంది. మంచి మాటైనా, మోటు మాటైనా రాగంతో కలిస్తే అట్టే లోపలికి పోతుంది. ఆడపిల్లలను వెక్కిరించే మాట పాటలో వస్తే, మర్నాడు వీధిలో అదే వినబడటం నేను చూశాను.

కాని ఆ రోజుల్లో ఆకాశవాణి మరొక మంచి పని కూడా చేసింది. లలిత సంగీతాన్ని పెంచింది. కృష్ణశాస్త్రి గారి పాటలూ, బాలాంత్రపు రజనీకాంతరావు గారి పాటలూ రేడియో ద్వారా తెలుగువారి ఇళ్ళకు వచ్చినవి. అవి ఈనాటికీ నిలిచి వున్నవి.

నేను హెడ్మాస్టరుగా వున్నప్పుడు శనివారం చివరి పీరియడుకు ఒక నియమం పెట్టాను. ఎవరికి నచ్చిన పాట వారు పాడవచ్చు. కాని పాడినవారే దాని అర్థం అందరికీ చెప్పాలి. కొందరు గొంతెత్తి పాడి, అర్థం దగ్గరకు వచ్చేసరికి తల వంచుకునేవారు. పై వారం వాళ్ళే మరొక పాట తెచ్చేవారు. నేను ఏ పాటనూ వద్దనలేదు!

తల్లిదండ్రులకు నా మనవి: ఇప్పుడు పాట పిల్లల చెవిలోనే వున్నది. దానికి తలుపు వేయలేము. పక్కన కూర్చుని మీరూ వినండి. "ఇందులో నీకేం నచ్చింది?" అని అడగండి.

పిల్లలూ, మీరు కూడా ఒక్క పని చేయండి. మీకు నచ్చిన పాట అర్థం మీ అమ్మకు చెప్పి చూడండి. తడబడకుండా చెప్పగలిగారా? ఇక హాయిగా పాడుకోండి!