తల్లిదండ్రుల బదిలీ

మా తోటలో 120 చీనీ చెట్లుండేవి. 1996 ఎండాకాలంలో ఒక రాత్రి అన్నిటినీ మొదలంటా నరికేశారు. తెల్లారి నాయన వెనకాలే నేనూ పోయాను. అప్పటికి నాకు పదేళ్లు. ఏం చూడాల్సొస్తుందోనని బెదురుతూ పోయినవాడికి ముందు తగిలింది వాసన. పచ్చి చీనీ తొక్క గోరుతో గిల్లితే వచ్చే వాసన తోటంతా కమ్ముకుని ఉంది. బాగుంది కూడా. ఆ బాగుండడమే ఇప్పటికీ నన్ను ఇబ్బంది పెడుతుంది. నిమ్మకాయంత పిందెలు నేలంతా రాలి ఉంటే ఎవరివో మేకలు తింటున్నాయి. నాయన వాటిని అదిలించలేదు. ఒక మొద్దు పక్కన కూర్చుని, గొడ్డలి పడిన చోట వేలు పెట్టి, "రెండేట్లకే తెగింది. చెయ్యి తిరిగినోడే" అన్నాడు.

ముఠా కక్షలంటే బయటివాళ్లకు సినిమాల్లో గాల్లోకి లేచే సుమోలు గుర్తొస్తాయి. మాకు గుర్తొచ్చేవి నరికిన తోటలు, పగలగొట్టిన స్టార్టర్ డబ్బాలు, కాలిపోయిన వాములు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేదే సగటున 550 మిల్లీమీటర్ల వాన. అలాంటి చోట మూడు బోర్లేసి, ఒకదాంట్లో పడిన నీళ్లతో ఐదేళ్లు సాకితే చీనీ కాపుకొస్తుంది. మాది ఆ ఏడే తొలి కాపు. నరికినవాళ్లకు ఆ లెక్క తెలుసు.

నాయన ఏ వర్గమూ కాదు. చేసిన తప్పల్లా ఒక కొట్లాట కేసులో పంచనామా మీద సంతకం పెట్టడం. మూడో తరగతి దాకా చదివి సంతకం నేర్చిన మనిషి. "చదువు రాకున్నా బాగుండు. వేలిముద్రయితే ఎవురిదో కోర్టోళ్లే తేల్చుకుందురు" అని మా జేజి చాలాకాలం సణిగింది. మా ఇంట్లో చదువు గురించి నేను విన్న మొదటి మాట అది.

నాలుగు రోజుల తర్వాత, రాత్రి రెండు గంటలప్పుడు ఊరొదిలాం. అమ్మ, నాయన, నేను, మూడేళ్ల చెల్లెలు. రెండు గోనెసంచులు, ఒక ట్రంకుపెట్టె. రోలు బరువని వదిలేశాం. జేజి రానంది. ట్రాక్టరు లైట్లు ఆర్పుకుని డొంకదారిన తారురోడ్డు ఎక్కిందాకా అమ్మ చెల్లెలి నోరు మూసి పట్టుకుంది. తెల్లారేసరికి ధర్మవరంలో ఉన్నాం.

తొందరలో నా టీసీ ఊళ్లోనే ఉండిపోయింది. ప్రాథమిక బడిలో ఇచ్చేదాన్ని రికార్డు షీటు అంటారు గానీ జనం నోట్లో అదీ టీసీనే. అది లేనిదే ఆరో తరగతిలో చేర్చుకోమన్నారు. దానికోసం మళ్లీ ఊళ్లోకి పోయే ధైర్యం నాయనకు లేదు. నేను ఐదు నెలలు ఇంట్లోనే మగ్గానికి కండెలు చుట్టాను. చివరికి దసరా దాటాక జేజే తీసుకొచ్చింది. ముసలామె జోలికి రెండు వర్గాలూ రావు. ఆకుసంచిలో వక్కల మధ్య నాలుగు మడతలు పెట్టి తెచ్చిన ఆ కాగితంలో, బడి మానుటకు కారణం అన్న గడిలో, మా అయ్యవారు గుండ్రటి అక్షరాలతో రాశాడు: తల్లిదండ్రుల బదిలీ.

"బదిలీ అంటే ఏందిమా?" అని అడిగాను. అమ్మ కండె ఆపకుండానే, "ఉద్యోగస్తుల్ని గవర్మెంటోళ్లు ఇంగో ఊరికి పంపిస్తారు సూడు, అది" అంది. "మనల్ని ఎవురు పంపించినారు?" అంటే మాత్రం పలకలేదు.

ధర్మవరంలో అప్పటికే నేతపని ఒక్క కులానిది కాదు. సేద్యం చెడినవాళ్లు చాలామంది వచ్చి మగ్గం గుంతలో దిగారు. నాయనకు ముప్పై అయిదేళ్ల వయసులో పని నేర్పినవాడు ఓపిగ్గానే నేర్పాడు. కాళ్లకు తొక్కుడు పలక అలవాటైంది. చేతులే మాట వినలేదు. సేద్యగాడి అరచేతి పగుళ్లకు పట్టు పోగులు తగులుకునేవి. పోగు తెగితే అతకాలి, అతికినచోట చీరలో కనబడితే కూలిలో కోత. నూనె రాసుకుంటే పట్టుకు మరకవుతుందని రోజూ పొద్దున అరచేతులకు విభూతి పూసుకుని గుంతలో దిగేవాడు. చూసినవాళ్లు భక్తి అనుకునేవాళ్లు. జరీ అంచుల చీర మగ్గం దిగితే అమ్మ దాన్ని ఒకసారి వెలుతురుకు పట్టి చూసి మడతపెట్టేది. ఆ చీరల్లో ఒక్కటీ మా ఇంట్లో లేదు. షావుకారు దగ్గర తీసుకున్న బయానా మాత్రం ఇంట్లోనే ఉండేది, తరక్కుండా.

ధర్మవరం పెద్ద జంక్షను. సాయంత్రాలు స్టేషనుకు పోయి కూర్చునేవాణ్ని. ఒక ఆదివారం రైల్వే క్వార్టర్ల ముందు లారీకి సామాను ఎక్కిస్తున్నారు. ఎవరికో గుంతకల్లుకు బదిలీ. పగలు పదకొండు గంటలు. బీరువా, తిరగేసిన కుర్చీలు, కుట్టుమిషను, చివర్లో డాల్డా డబ్బాలో తులసిమొక్క. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నిలబడి మాట్లాడుతున్నారు. ఒకామె డబ్బాలో చిత్రాన్నం కట్టిచ్చింది. ఆ ఇంటాయన చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి ఎవరికో చూపించి, మళ్లీ మడిచి పెట్టుకున్నాడు. వాళ్ల పిల్లాడు నా ఈడువాడు, లారీ ముందుసీట్లో కూర్చుని అరుస్తున్నాడు, సంతోషంతో. ఊరొదిలిపోవడం అట్లా కూడా ఉంటుందని నాకు తెలియదు. పెద్దయితే ఏమవుతావని ఎవరైనా అడిగితే ఆ తర్వాత నుంచి నేను డాక్టరనీ కలెక్టరనీ చెప్పలేదు. బదిలీ ఉండే ఉద్యోగం కావాలనేవాణ్ని. నవ్వేవాళ్లు.

ఆ రోజుల్లో మా వైపు చదివే పిల్లలందరి ఇళ్లల్లో వినబడే పేరు కొడిగెనహళ్లి. హిందూపురం పక్కన 1972లో పెట్టిన గురుకులం. అక్కడ సీటొస్తే పిల్లాడి సంగతి ఇక ఆలోచించక్కర్లేదని నమ్మకం. పరీక్ష రాశాను, రాలేదు. అదే సమయంలో నాయన మగ్గం వదిలేశాడు. మర మగ్గాల చీర సగం ధరకు దొరుకుతుంటే కూలి మగ్గం బతుకెంత? 1998లో బెంగుళూరుకు బేల్దారి పనికి పోదామనుకున్నారు. అందరం పోవాల్సిందే. ఆపింది మా లెక్కల సారు.

"మీరు పోండి. వీణ్ని తీసుకపోవద్దు" అన్నాడు నాయనతో. "హిందూపురం నుంచి బెంగుళూరు నూరు కిలోమీటర్లే. కానీ మధ్యలో గీత ఉంది. ఆ పక్క చదివితే రేపు ఈ పక్క వీడు నాన్‌లోకల్."

371-డి అధికరణం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మా ఇంట్లోకి అట్లా వచ్చాయి. ఉద్యోగానికి పోతే నాలుగు నుంచి పది దాకా ఏడేళ్లు ఎక్కడ చదివావని అడుగుతారు. పదో తరగతితో ముగిసే నాలుగేళ్లు ఒకే స్థానిక ప్రాంతంలో చదివినవాడు లోకల్. ఎక్కువ ఉద్యోగాలు వాళ్లకే. వలసపోయే కూలివాడికి ఈ రూలు గురించి చెప్పేవాళ్లుండరు. పిల్లల్ని వెంటబెట్టుకుని పోయినవాళ్లకు పదేళ్ల తర్వాత కౌంటరు దగ్గర తెలుస్తుంది. నాకు నాలుగు, ఐదు ఊళ్లో, ఆరు, ఏడు ధర్మవరంలో అయ్యాయి. మిగతా మూడు హిందూపురంలో పూర్తిచేస్తే అంతా అప్పటి అనంతపురం జిల్లానే. హాస్టల్లో చేర్చారు. చెల్లెలికి ఐదేళ్లే కాబట్టి దాన్ని తీసుకుపోయారు. ఆ రోజు స్టేషన్లో ఎవరికీ తట్టలేదు గానీ, ఇద్దరు పిల్లల్లో ఎవరు ఏ రాష్ట్రంవాళ్లవుతారో అక్కడ తేలిపోయింది.

హిందూపురం అంటే నాకు మార్కెట్టు. గాలి తిరిగినప్పుడల్లా హాస్టలు దాకా చింతపండు పులుపు, మిరపకాయల ఘాటు కలిసి వచ్చేవి. తుమ్ముతూ పాఠాలు చదివేవాళ్లం. సగం మాటలు కన్నడం. మా సోషల్ సారు ఒకసారి పెనుకొండకు తీసుకుపోయాడు. గగన్‌మహల్ మెట్ల మీద కూర్చోబెట్టి, 1565లో రక్కసి తంగడి దగ్గర ఓడిన తర్వాత తిరుమల రాయలు హంపి వదిలి, ఏనుగుల మీద ఖజానా వేసుకుని ఇక్కడికే వచ్చాడని చెప్పాడు. తర్వాత ఆ రాజధాని చంద్రగిరికి పోయిందట. పిల్లలందరూ కొండ మీది బురుజుల గురించి అడిగితే నేను "రాత్రి వచ్చినాడా, పగలు వచ్చినాడా సార్?" అని అడిగాను. సారు నా వైపు కాసేపు చూసి, "తెలీదప్పా" అన్నాడు.

పదిలో లెక్కలకు 94 వచ్చాయి. ఇంటర్ అయ్యాక ఎంసెట్ రాయమన్నారు. నేను బుక్కపట్నం డైట్‌లో టీచర్ ట్రైనింగుకు పోయాను. నాతో చదివినవాళ్లు ఇంజినీరింగు చేసి బెంగుళూరు ఐటీలో చేరుతుంటే నేను డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని కాచుకున్నాను. దీన్ని త్యాగమని చెప్పుకోలేను. పిల్లలకు చదువు చెప్పాలన్న తపన కూడా అప్పటికి లేదు, అది తర్వాత వచ్చింది. భయం నాకోసం ఒక ఉద్యోగాన్ని ఎంచి పెట్టింది, నేను చేరాను. మా చెల్లెలు కన్నడం మీడియంలో చదివి, రాత్రి కాలేజీలో బీకాం చేసి, ఇప్పటికి నాలుగు కంపెనీలు మారింది. చెప్పాపెట్టకుండా మానేస్తుంది, నెలలో ఇంకోచోట చేరుతుంది. "అట్లెట్ల మానేస్తావే?" అంటే "అట్లే అన్నా" అంటుంది. దానికి చీనీ తోట గుర్తులేదు.

2008 డీఎస్సీలో ఎంపికయ్యాను. 2017 ఎండాకాలం బదిలీల్లో పెనుకొండ వైపు వచ్చింది. ఉత్తర్వు ప్రింటు తీసుకుని బెంగుళూరు పోయి నాయనకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ముద్ర దాకా చదివాడు.

"ఎప్పుడు పోవల్ల?"

"సోమవారం చేరాలి."

"పగలేనా?"

"పగలే నాయనా."

కాగితం మడిచి నా జేబులో తనే పెట్టాడు.

నేను పోయేసరికి ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి నేల చదును చేస్తున్నారు. మా వాళ్లు కూలికి బెంగుళూరు పోయిన దారిలోనే ఇప్పుడు జార్ఖండ్, బీహార్, ఒడిశా నుంచి జనం ఇటు దిగుతున్నారు. హైవే పక్కన కొరియా అక్షరాల హోటలు బోర్డులు లేచాయి. మా బడికి 2018 జూన్‌లో ఒక పిల్లాడు వచ్చాడు. మూడో తరగతి ఈడు. జార్ఖండ్‌లో ఏదో పల్లె. తండ్రి ఇనుప కమ్మీలు కట్టే పని. టీసీ లేదన్నాడు, చేతులు కట్టుకుని. విద్యాహక్కు చట్టం వచ్చాక టీసీ లేదని పిల్లల్ని పంపేయడానికి లేదు. అక్కడికక్కడే చేర్చుకున్నాను. వాడు ఆరు నెలల్లో తెలుగు పట్టేశాడు. మా పిల్లల దగ్గర నేర్చాడు కాబట్టి "యాడికి", "ఏమప్పా" అనే తెలుగు.

2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. బడిలో మిఠాయిలు పంచాం. కార్లు బయటికొస్తే కట్టుబడి పని అయిపోయినట్టే కదా. ఆ నెలాఖర్లో పిల్లాణ్ని వెంటబెట్టుకుని తండ్రి వచ్చాడు. మేస్త్రి చెన్నై వైపు పని చూశాడట. ఎన్నాళ్లుంటారని అడిగితే, "కామ్ హోనే తక్, సార్" అన్నాడు. ఈసారి కాగితం మాత్రం అడిగాడు.

షీటు తీసి పేరు, తేదీ, తరగతి రాశాను. కారణం గడి దగ్గర పెన్ను ఆగింది. మా అయ్యవారు కూడా ఇట్లాగే కాసేపు ఆగి ఉంటాడు. రాసి, ముద్రవేసి ఇచ్చాను. పిల్లాడు దాన్ని తండ్రి చేతిలోంచి లాక్కుని, వేలు కింద పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

"బదిలీ అంటే ఏంది సార్?"