లంబసింగి చలిలో పొడి బనీను

ఫిబ్రవరిలో ఔలీ వెళ్లి క్రాస్ కంట్రీ స్కీయింగ్ నేర్చుకోవాలని ప్లాన్. అనకాపల్లిలో పుట్టినోడికి చలి ఏం తెలుసు? అందుకే బట్టలు టెస్ట్ చేద్దామని డిసెంబర్‌లో నాన్నతో లంబసింగి వెళ్లా. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాలి. దాదాపు 1,000 మీటర్ల ఎత్తు. ఈ ఊరికే కొర్రబయలు అని ఇంకో పేరు. ఆరుబయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని అలా పిలుస్తారంట.

కాటన్ టీషర్ట్, హుడీ, పైన మందపాటి జాకెట్ వేశా. తెల్లవారుజామున చెరువులవేనం కొండ ఎక్కుతుంటే ఒళ్లంతా చెమట. పైన మేఘాలు చూస్తూ పది నిమిషాలు నిలబడ్డానో లేదో, తడిసిన టీషర్ట్ ఐసుగడ్డలా వీపుకి అంటుకుంది. వణుకుతో ఫోన్ కూడా పట్టుకోలేకపోయా.

నాన్న సంచిలోంచి పొడి బనీను తీసిచ్చాడు. "ఇది చలి కాదురా, చెమట. బెల్లం వండేటప్పుడు పొయ్యి దగ్గర్నుంచి తడి చొక్కాతో బయటికొస్తే ఇలాగే ఉండేది."

స్కీయింగ్‌లోనూ ఇదే లెక్క. క్రాస్ కంట్రీలో కాళ్లూ చేతులూ ఆడుతూనే ఉంటాయి, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి ఒంటికి ఆనేది కాటన్ వద్దు, పల్చటి ఉన్ని లేదా పాలిస్టర్ తీసుకోండి. దాని మీద ఫ్లీస్, పైన గాలి ఆపే తేలికపాటి జాకెట్. బయల్దేరేటప్పుడు కాస్త చలేస్తేనే కరెక్ట్. మందపాటి జాకెట్ బ్యాగులో ఉంచి, ఆగగానే వేసుకోవాలి.

ఔలీకి నాన్న రావట్లేదు. ఆయన సంచి మాత్రం తీసుకెళ్తున్నా, పొడి బనీనుతో సహా.