ఫోనులో ఓనమాలు

వెనక ఇంట్లోకి పాడిఆవును కొనవలసివస్తే మన పెద్దలు పళ్ళు చూసేవారు, సుడులు చూసేవారు, స్వయంగా పాలు పితికి కూడా చూసేవారు. ఇప్పుడు ఇరవై వేలు పోసి ఫోను కొనేవారు మూడే ప్రశ్నలు వేస్తున్నారు. కెమెరా ఎట్లాంటిది? బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? ధర ఏమైనా తగ్గుతుందా? అడగవలసిన నాలుగో ప్రశ్న ఒకటున్నది: ఇందులో తెలుగు ఎట్లా రాయాలి?

జనగామలో ఒక దుకాణంలో నేనీ ప్రశ్న వేస్తే కుర్రవాడు నావంక జాలిగా చూశాడు. "తెలుగెందుకు సార్? అందరు ఇంగ్లీషు అక్షరాలల్లనే కొడుతున్నరు. అర్థమైతది గద!" అన్నాడు.

అర్థమవుతుందా, కాదా అన్నదే అసలు విషయం.

నేను తెలుగు ఎమ్మే చదివి, కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. ఉద్యోగధర్మం కొద్దీ జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూళ్ళ నీళ్ళూ తాగాను. 2016 అక్టోబరు 11 దాకా ఈ మూడూ వరంగల్లు జిల్లాలోవే. ఆనాటినుంచి వేరువేరు జిల్లాలకు ముఖ్యపట్టణాలైనవి. నీళ్ళతోపాటు మూడూళ్ళ సిగ్నళ్ళూ రుచి చూశాను.

జనగామ సంగతి చెప్పనక్కరలేదు. ఒక పక్క రైలు మార్గం, ఇంకో పక్క హైదరాబాదు రహదారి. ఏ కంపెనీ సిమ్ము వేసినా గంట మోగుతుంది. మహబూబాబాదులో పట్నం వున్నంతమేర బాగానే వుంటుంది గాని, గూడూరు దాటి కొత్తగూడ అడవివైపు బస్సు మళ్ళిందంటే ఫోనులోని గీతలు ఒక్కటొక్కటే దిగిపోతాయి. భూపాలపల్లిలో సింగరేణి గనుల పుణ్యమా అని ఊళ్ళో లోటు లేదు. మహాదేవపూర్ దారి పట్టామా, చెట్లు పెరుగుతాయి, గీతలు తరుగుతాయి.

నంబరు మార్చుకోకుండానే కంపెనీ మార్చుకునే వీలు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా వచ్చింది. మా సహోద్యోగి ఒకాయన అద్దె ఇళ్ళు మారినట్లు రెండేళ్ళలో మూడు కంపెనీలు మారాడు. పేర్లెందుకుగాని, ఆయన అనుభవమూ నా అనుభవమూ కలిపి తేల్చిందేమిటంటే, మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ అంటూ వేరే లేవు. మనమూ మనవాళ్ళూ వుండేచోటికి దగ్గరలో ఎవరి టవరుంటే వారే మంచివారు. అందుచేత కొత్త సిమ్ము తీసుకునే ముందు ప్రకటనలు చూడకండి. అమ్మగారి ఊళ్ళోనూ అత్తగారి ఊళ్ళోనూ ఏది పలుకుతుందో కనుక్కోండి.

సిగ్నలు సన్నగిల్లినచోట ఒక చిత్రం జరుగుతుంది. ఫోటో కదలదు. మాట రికార్డు చేసి పంపితే గిరగిర తిరుగుతూనే వుంటుంది. కాని రాసిన అక్షరం మాత్రం ఎట్లాగో సందు చేసుకుని వెళ్ళిపోతుంది. కారణం బరువు. వాట్సాపులాంటి వాటిలో సాధారణంగా తెలుగు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు. వంద గుర్తుల ఉత్తరం 300 బైట్లు. మూడు లక్షల బైట్ల ఫోటో ఒకటి అట్లాంటి వెయ్యి ఉత్తరాలకు సమానమన్నమాట. పొద్దున్నే పువ్వుల బొమ్మమీద శుభోదయం పంపేవారు ఈ లెక్క ఒకసారి గమనించాలి. అడవి పల్లెలో వున్న తల్లికి పట్నంలోని బిడ్డ క్షేమం అందవలసివస్తే అక్షరమే దిక్కు. అయితే, అది ఆ తల్లి చదవగలిగిన అక్షరం కావాలి.

భూపాలపల్లిలో నా దగ్గర చదివిన ఒకమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో వుండి పై చదువు చదువుతూ వుండేది. తల్లి పెద్దదయ్యాక రాత్రిబడిలో తెలుగు నేర్చుకున్నది. ఇంగ్లీషు ముక్క రాదు. బిడ్డ మాత్రం తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేది. తల్లి ఆ ఫోను పట్టుకుని పక్కింటి కుర్రవాడి దగ్గరకు పోయి చదివించుకునేది. వెనక చదువురానివారు ఉత్తరం పోస్టుమానుచేత చదివించుకున్నట్లే. ఆ అవస్థ తప్పించుకోవడానికే గదా పాపం ఆమె ఓనమాలు దిద్దుకున్నది! డబ్బుమాట, వొంట్లో నలతమాట, పెళ్ళిమాట, ఏదీ ఆ పిల్ల తల్లికి రాయలేకపోయేది. అన్నీ పరాయివాడి నోటిమీదుగా పోవాలి.

సర్టిఫికెట్టుకోసం వచ్చినప్పుడు ఆ పిల్ల నాతో ఈ సంగతి చెప్పింది. ఆమె ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. "అమ్మా, తిన్నవా?" అని కొట్టి పంపింది. కొంతసేపటికి తల్లి దగ్గరనుంచి ఫోను వచ్చింది. "నేనే సదివిన బిడ్డా!" అన్న కేక నాకు కూడా వినిపించింది.

మరి చదువుకున్నవాళ్ళకు కూడా ఈ ఇంగ్లీషు అక్షరాల తెలుగు ఎందుకు అలవాటైంది? పిల్లల్ని తిట్టడం తేలిక, కారణం వెతకడం కష్టం. పాత ఫోన్లలో చాలావాటికి తెలుగు తెలియదు. తెలిసినవాటిలో ఖర్చు ఎక్కువ. ఒక ఎస్సెమ్మెస్సులో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషులో అయితే అందులో 160 అక్షరాలు ఇమిడేవి. తెలుగు గుర్తు రెండు బైట్ల చోటు అడుగుతుంది కనుక 70 మాత్రమే. అందులోనూ మన ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకు వస్తాయి. 'స్త్రీ' చూడటానికి ఒక్క అక్షరం. ఫోను లెక్కలో ఆరు గుర్తులు! పైసలు చూసి ఖర్చుపెట్టే సంసారులు ఇంగ్లీషు అక్షరాలకు దిగారంటే ఆశ్చర్యమేమున్నది?

2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరవాత డేటా చవకైంది. అక్షరాలు లెక్కపెట్టుకునే అగత్యం పోయింది. కారణం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. చెప్పులు తెచ్చుకున్న తరవాత కూడా కుంటుతూ నడవడంలాంటిది ఇది.

ఆ కుంటినడకలో పడిపోయేవి మన అక్షరాలే. లకూ ళకూ తేడా లేదు, నకూ ణకూ తేడా లేదు, మెడ మేడ అవుతుంది. "నాన్నకు కళ్ళు ప్రాబ్లెమ్, వచ్చేటప్పుడు మందు తీసుకురా" అని ఒక ఇల్లాలు కొడుక్కు ఇంగ్లీషు అక్షరాల్లో పంపిందనుకోండి. కళ్ళకూ కల్లుకూ ఒకే వరస! కొడుకు ఏ దుకాణానికి పోతాడో ఆ భగవంతుడికే ఎరుక.

ఇక కీబోర్డుల సంగతి. మన ఫోన్లలో తెలుగు రాయడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగుగా మారేది. కుర్రకారుకు ఇది హాయి. కాని ఊహించి మాట పెట్టేది ఫోను కనుక పంపేముందు ఒకసారి చదువుకోవాలి. రెండోది ఇన్‌స్క్రిప్టు. కేంద్రప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణంగా నిర్ణయించినది. అచ్చులూ గుణింతాలూ ఎడమవైపు, హల్లులు కుడివైపు. క మీటను షిఫ్టుతో నొక్కితే ఖ, గ మీటను నొక్కితే ఘ. అల్పప్రాణం కింద, మహాప్రాణం పైన! నాబోటి వ్యాకరణం మేష్టరుకు ఇంతకన్న ఇష్టమైనది వుండదు. వారం రోజులు చెయ్యి తడబడుతుంది, తరవాత జన్మంతా సుఖం. మూడోది తెరమీద వేలితో రాసేది. పలకమీద దిద్దినట్లు రాస్తే అచ్చు అక్షరంగా మారుతుంది. ఇంట్లో తాతయ్యకూ నాయనమ్మకూ దీన్ని మించింది లేదు. నోటితో చెప్పి రాయించడం కూడా వున్నది గాని, అది పుస్తకాల భాష పట్టినంత సులువుగా "యాడికి పోతన్నవ్" అన్న మాట పట్టదు.

మన లిపిని యంత్రంలో ఇమడ్చడం చిన్న పని కాదు. యూనికోడు మొదటి ప్రతిలోనే, 1991లో, తెలుగుకు స్థానం దొరికింది. అయినా 2018 ఫిబ్రవరిలో ఒక ప్రత్యేకమైన కూర్పుతో వచ్చిన 'జ్ఞా' అక్షరం తెరమీద పడితే ఆపిల్ ఫోన్లలో సందేశాల యాప్ మూతపడిపోయేది. ఆ నెల 19న సవరణ విడుదల చేశారు. లోకమంతా నవ్వుకున్నది. జ్ఞానంలో మొదటి అక్షరానికి అంత బలం వున్నదని మేము క్లాసులో ఎన్నాళ్ళనుంచో చెబుతూనే వున్నాం!

మా జనగామ జిల్లాలోనే బమ్మెర వున్నది, పాలకుర్తి వున్నది. ఆ పోతన పేరుమీదనే తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు కంప్యూటరుకు 'పోతన' అక్షరాలు తీర్చి, ఉచితంగా అందరికీ ఇచ్చారు. కవులు మాట ఇచ్చారు, ఇట్లాంటివారు దానికి యంత్రంలో వొళ్ళు ఇచ్చారు. మిగిలింది మన వేలు కదపడమే.

కనుక ఈసారి ఫోను కొనేటప్పుడు కెమెరా చూడండి, తప్పులేదు. కంపెనీలు పోల్చండి, అవసరమే. కాని డబ్బు లెక్కపెట్టే ముందు అక్కడే నిలబడి తెలుగులో ఒక్క వాక్యం రాసి, మీ ఇంట్లో ఇంగ్లీషు రాని మనిషికి పంపండి. ఆ మనిషి ఎవరి సాయమూ లేకుండా చదువుకుని జవాబిస్తే, అది మంచి ఫోను.