ఊగని వంతెన

బోస్నియాలోని సరయేవోలో మూడు రోజులున్నాం. అక్కణ్ణుంచి రెండు గంటల రైలు ప్రయాణం. మోస్తార్‌లో దిగేసరికి మన రోహిణీ కార్తె లాంటి ఎండ.

గోదావరి గట్టున పుట్టినదాన్ని. వంతెనంటే రైలు కిటికీలోంచి నదిలోకి చిల్లర వేసి, అవతలి ఒడ్డు కోసం ఎదురుచూడటమే నాకు తెలుసు. మోస్తార్‌లో నెరెత్వా నది మీద ఉన్న ఈ రాతి వంతెన ముప్ఫై మీటర్లు కూడా ఉండదు. ఒక్కటే కమాను, నడుమ స్తంభం లేదు. పచ్చటి నీళ్లకు ఇరవై మీటర్ల ఎత్తున ఆ లేతరంగు రాయి నిలిచిన తీరు చూసి నాకు నోట మాట రాలేదు. ఎక్కుతుంటే చెప్పులు జారాయి. అడ్డంగా పట్టీల్లా లేపిన రాళ్లే కాలికి ఆసరా.

ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ కట్టించమంటే హైరుద్దీన్ అనే శిల్పి 1566లో పూర్తిచేశాడు. పరంజా విప్పితే కూలుతుందేమోనని ముందే తన గోరీ తవ్వించుకున్నాడని కథ చెబుతారు. నాలుగు వందల ఏళ్లకు పైగా నిలిచిన ఆ కమాను యుద్ధకాలంలో, 1993 నవంబరు 9న, బోస్నియా క్రొయేట్ సేనల ఫిరంగి దెబ్బలకు నదిలో పడింది.

ఒడ్డున చిన్న కాఫీ అంగడి. నడుపుతున్నావిడకి నలభై దాటవు. పిడి ఉన్న రాగి గిన్నెలో చిక్కటి కాఫీ, పక్కన లోకుమ్ మిఠాయి ముక్క తెచ్చి పెట్టింది. నేను చక్కెర బిళ్లను కప్పులో వేయబోతే చెయ్యి పట్టి ఆపింది. బిళ్ల అంచు కాఫీలో తడిపి, కొంచెం కొరికి, ఆపైన గుక్క తాగాలట. అంత మంచి కాఫీ ఆ ప్రయాణంలో మళ్లీ దొరకలేదు.

వంతెన సంగతి అడిగాను.

"చిన్నప్పుడు ఇక్కడ తీగల వంతెన ఉండేది. అడుగేస్తే ఊగేది. అమ్మ చెయ్యి వదిలేదాన్ని కాదు. 2004లో రాతి వంతెన తెరిచాక అటు నడిచాను. ఊగలేదు. నమ్మకం కుదరక వెనక్కి తిరిగి మళ్లీ నడిచాను."

నదిలో పడ్డ రాళ్లను గజ ఈతగాళ్లు పైకి తీశారు గానీ చాలావరకు మళ్లీ వాడే స్థితిలో లేవు. అందుకని ఆ చుట్టుపక్కల దొరికే టెనెలియా రాయినే తెచ్చి చెక్కి, ఇనుప కొక్కేలతో బిగించి, సందుల్లో కరిగించిన సీసం పోశారు. పాత పద్ధతి అదే. కాంక్రీటుతో తేల్చేయకుండా అంత శ్రమపడిన ఆ మనుషులకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఇంతలో వంతెన అంచున నదిలోకి దూకబోతూ ఒక కుర్రాడు జనం దగ్గర డబ్బులు పోగుచేసి, ఒంటి మీద చన్నీళ్లు గుమ్మరించుకున్నాడు. నా గుండె దడదడలాడింది. ఆవిడ అటు వీపు పెట్టి రాగి గిన్నెలు తోముతూనే ఉంది. దభీమని చప్పుడు.

"కాళ్లు కొంచెం విడిపోయాయి," అంది, తల తిప్పకుండానే.