“మేము” అను మాట “మనము” అగుట

మన తెలుగుభాషయందొక విశేషము గలదు. ఎదుటివారిని విడిచి చెప్పునపుడు “మేము” అందుము. వారినిగూడ కలుపుకొని చెప్పునపుడు “మనము” అందుము. ఈ రెండు మాటలకు నడుమ నెంత దూరమున్నదో, ఇంటినుండి ఉద్యోగము చేయనారంభించిన పిదపగాని మాకు తెలిసిరాలేదు.

మేము పిల్లల పాఠములను తెలుగుచేయు పనిలోనుంటిమి. 2020వ సంవత్సరము మార్చినెలలో కోవిడు వ్యాధివలన దేశమంతట రాకపోకలు నిలిచిపోయినపుడు మా కార్యాలయమును మూతపడెను. పనిమాత్రమాగక కంప్యూటరు తెరమీదికి వచ్చెను. హైదరాబాదులో పూర్వమునుండి కలిసి పనిచేయుచున్న మేము మువ్వురము గాక, క్రొత్తగా మరి నలుగురు చేరిరి: విశాఖపట్టణమున నిద్దరు, చిత్తూరు ప్రాంతపు పల్లెలో నొకరు, అమెరికాలోని డాలస్ నగరమున నొకరు. ఈ క్రొత్తవారిలో నెవరిని మేము ప్రత్యక్షముగ చూచియెరుగము.

మేము మువ్వురమును ఉదయముననే ఫోనులో మాటలాడుకొని సందేహములు తీర్చుకొనుచుంటిమి. అందరము తెరమీద కూడునప్పటికి నిర్ణయములు ముగిసియుండెడివి. ఇందులో దోషమున్నదని మాకు తోచలేదు. పల్లెలోని సోదరికి ఇంటర్నెట్టు సరిగా నందదు. ముఖము కనబడదు, మాట తెగిపోవును. ఆ మౌనమును మేము అశ్రద్ధయని తలంచితిమి.

ఒకనాడు గణితపాఠములందొక పారిభాషికపదమును మార్చితిమి. ఆ సంగతి ఆమెకు చేరలేదు. పాతమాటతోనే నలువది పుటలు ముగించి పంపెను. “మేము అనుకొంటిమి గదా, మీకు తెలియదా?” యని మాలో నొకరనిరి. కొంతసేపటికామె యిట్లు వ్రాసెను: “మీ ‘మేము’లో నేనెన్నడును లేనమ్మా. పని మానుకొందునా యని ఆలోచించుచున్నాను.”

ఆ మాట మా మువ్వురకును ముల్లువలె గ్రుచ్చుకొనెను.

హెన్రీ టాజ్‌ఫెల్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు తన సహచరులతో 1971లో ప్రకటించిన పరిశోధన యొకటి గలదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరపు బడిపిల్లలకు క్లే, కాండిన్‌స్కీ అను చిత్రకారుల చిత్రములను చూపి, ఎవరి చిత్రములు నచ్చినవో దానినిబట్టి మీరీ పక్షమువారని చెప్పిరి. నిజమునకా విభజన చీట్లువేసినట్లు చేసినదే. తన పక్షమున నెవరున్నారో ఏ బాలునికిని తెలియదు. పంపకములో తనకు లాభమును లేదు. అయినను బాలురు తమ పక్షమువారికే ఎక్కువ ధనము కేటాయించిరి.

కావున ముఖములు చూడకున్నను “మనవారు” అను భావము పుట్టగలదు. దానికొక గుర్తు చాలును. మాకు హైదరాబాదు అను పేరే గుర్తై, గీతయై నిలిచెను. ఏడుగురకును చెందిన గుర్తు వేరొకటి కావలసియుండెను.

పొరపాటు మాదేయని ఆమెను క్షమాపణ వేడితిమి. అందరు చూచుచోట వ్రాసినగాని ఏ నిర్ణయమును చెల్లదని నియమించుకొంటిమి. ఏడుగురమును కలిసి మాటల పట్టిక యొకటి కూర్చి, దాని పెత్తనము ఆ సోదరికే అప్పగించితిమి. మాకు ఉదయము పది గంటలగునప్పటికి డాలస్‌లో వేసవియందు రాత్రి పదకొండున్నర. మేలుకొను కష్టమెల్లప్పుడు అక్కడి సోదరిదే కాకుండ సమావేశవేళలను మార్చుకొనుచుంటిమి. పనికి ముందు అయిదు నిమిషములు కుశలప్రశ్నలకై విడిచితిమి.

కొన్ని నెలలకు పల్లెసోదరి యిట్లు వ్రాసెను: “మన పట్టికలో ఈ మాట లేదు, చేర్చుదమా?” ఆ “మన” అను మాటను చదివి మాకు కన్నులు చెమర్చెను.

గృహములయందును ఇంతియే గదా! ఇంటి ఆలోచనలన్నియు కోడలులేని చోటనే జరుగుచుండినయెడల, ఏండ్లు గడచినను ఆమె నోట “మీ యిల్లు” అను మాటయే వచ్చును. ఒక కప్పుక్రింద నున్నంతమాత్రమున అందరు నొక్కటి కారు. వేలమైళ్ల దూరముననున్నంతమాత్రమున పరాయివారును గారు. ఆలోచనలో పాలుగలవారికే “మనము” అను మాట మనసార నోటికివచ్చును.